సేమేనండీ, పట్టుకెళ్లండి

బందరు రోడ్డు మీద కామయ్యతోపు దాటి ఆటోనగర్ గేటులోకి తిరగ్గానే ఎక్కడికొచ్చామో ముందు చెవులకు తెలుస్తుంది. రేకు మీద సుత్తి దెబ్బలు, గ్రైండరు కీచుమనడం, ఎయిర్ గన్‌తో లారీ వీల్ నట్లు విప్పుతున్న టర్రుమనే మోత. ఆ తర్వాత ముక్కుకు కాలిన ఆయిలు, వెల్డింగు పొగ, తిన్నరు. కాళ్ల కింద మట్టి మట్టిరంగులో లేదు. ఏళ్ల తరబడి ఒలికిన డీజిలూ గ్రీజూ ఇంకి నల్లగా గట్టిపడింది. రెండువైపులా లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాన్ కట్టల కొట్లు, రేడియేటరు పనివాళ్లు, లేతు మిషన్లు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీదే పెత్తనం. మారుతీ వ్యాను సామాను కావాలంటే లోపలి వీధులు పట్టాలి.

ముందు మేస్త్రీ నడుస్తున్నాడు. భుజాన గోతం. అందులో చీలిన ఇంజిను హెడ్డు, ఓ ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పాత గ్యాస్కెట్టు. వెనకాల మా బావ. ఉయ్యూరులో క్యాటరింగు ఆయనది, గిన్నెలూ గ్యాసు పొయ్యిలూ మోసేది ఆయన మారుతీ ఓమ్నీయే. పెళ్లి వంట ముగించుకుని వస్తుంటే కంకిపాడు దగ్గర టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాటింది. ఇంకెంత దూరంలే అని ఇంటిదాకా లాగించాడు. తెల్లారి డిప్‌స్టిక్ తీస్తే నల్లటి ఆయిలుకు బదులు పాలు కలిసిన కాఫీ రంగు. నీళ్లు ఆయిల్లోకి దిగాయి. హెడ్డు విప్పితే రెండు వాల్వు సీట్ల మధ్య సన్నటి చీలిక.

కొత్త హెడ్డు కొనొచ్చు. కానీ 1984లో మారుతీ వ్యాను పేరుతో వచ్చి, 1988లో ఓమ్నీగా పేరు మార్చుకున్న ఈ బండి తయారీ 2019లోనే ఆగిపోయింది. కొత్త హెడ్డు ధర విన్నాక బావ తన వ్యాను మొత్తం ఎంతకు పోతుందో మనసులో లెక్క వేసుకున్నాడు. అందుకే ఈ ప్రయాణం. తెలుగు సినిమాల్లో హీరోయిన్లను ఎత్తుకుపోయిన వ్యాన్లన్నీ చివరికి ఎక్కడికి చేరతాయో ఎవరూ చూపించరు కానీ, ఇక్కడికే చేరతాయి. తలుపులు ఒక కొట్టుకు, డైనమోలు ఒక కొట్టుకు, ఇంజిన్లు ఇంకో కొట్టుకు.

మొదటి కొట్టు ముందు హెడ్లు గుట్టగా పడున్నాయి. వాన నీళ్లు తాగి కొన్నిటి మీద తెల్లటి పొర కట్టింది. కొట్టాయన ఫోను మాట్లాడుతూనే చేత్తో సైగ చేశాడు, ఏం కావాలని.

"ఓమ్నీ హెడ్డు."

"ఎయిట్ హండ్రెడ్ హెడ్డేగా. సేమేనండీ, పట్టుకెళ్లండి." కాలితో ఒకదాన్ని ఇటు తోశాడు.

మేస్త్రీ ఏమీ అనలేదు. కూర్చుని, హెడ్డును బోర్లా తిప్పి, ఛాంబర్ల మీద మసి బొటనవేలితో తుడిచాడు. ఒక్కో ఛాంబర్లో నాలుగు వాల్వులు. మూడు నాలుగులు పన్నెండు.

"ఇది ఆల్టోది."

"ఆల్టో ఎయిట్ హండ్రెడ్ కాదా ఏంటి?"

ఆ మాటా అబద్ధం కాదు, తిరకాసంతా అక్కడే. ఓమ్నీలో ఉన్నది ఎఫ్8బి ఇంజిను. మూడు సిలిండర్లు, 68.5 మిల్లీమీటర్ల బోరు, 72 మిల్లీమీటర్ల స్ట్రోకు, 796 సీసీ, సిలిండరుకు రెండు వాల్వులు. పాత ఆల్టోలో ఉన్నది ఎఫ్8డి. అవే మూడు సిలిండర్లు, అదే బోరు, అదే స్ట్రోకు, అదే 796. కానీ సిలిండరుకు నాలుగు వాల్వులు. హెడ్డు వేరు, క్యామ్ వేరు. పుస్తకంలో సీసీ చూసి కొనేవాడు ఈ రెంటినీ విడదీయలేడు. ఇంతకన్నా చిత్రం, సుజుకీయే అంతకు ముందు ఎఫ్8ఎ అని ఇంకోటి చేసింది. 62 బోరు, 66 స్ట్రోకు, 797 సీసీ. ఒక్క సీసీ తేడా, పేరులో ఒక్క అక్షరం తేడా. అది మాత్రం నాలుగు సిలిండర్ల ఇంజిను! పాత జిప్సీలోని ఎఫ్10ఎ స్ట్రోకు కూడా 72 మిల్లీమీటర్లే, బోరు మాత్రం 65.5, సిలిండర్లు నాలుగు. 'ఎయిట్ హండ్రెడ్' అని అడిగితే ఎయిట్ హండ్రెడే ఇస్తారు, తప్పు వాళ్లది కాదు.

మేస్త్రీకి ఈ అంకెలతో పని లేదు. వాల్వులు లెక్కపెట్టి లేచాడు. మోకాళ్లు దులుపుకుని పక్క సందులోకి తిరిగాడు. బావ ఇంకా ఆ హెడ్డు వైపే చూస్తున్నాడు, అది చవకగా దొరికేలా ఉందని.

రెండో కొట్టు వరసగా ఉంది. ఇనప రాక్‌లు, ఒక్కో అరలో సుద్దతో రాతలు. ఆయిలు డ్రమ్ము మీద కూర్చున్న భాయ్ చేతిలో టీ గ్లాసు. ఓమ్నీ అనగానే గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"కార్బ్యురేటరా, ఎంపీఎఫ్‌ఐయా?"

"ఎంపీఎఫ్‌ఐ."

"గ్యాసు మీద తిప్పారా?"

"లేదు భాయ్, పెట్రోలే."

"పాతది తెచ్చారా?"

అప్పుడు మేస్త్రీ గోతం దించాడు. నా అనుభవంలో సెకండ్ హ్యాండ్ సామాను దగ్గర మనిషిని పట్టుకోవడానికి ఇంతకు మించిన గుర్తు లేదు. మనం అడగకముందే వాడు అడిగితే కొట్టు మంచిది. అడగకుండా 'ఉంది' అన్నవాడి దగ్గర అన్నీ ఉంటాయి, మనకు కావాల్సింది తప్ప.

కార్బ్యురేటరు సంగతి ఊరికే అడగలేదు భాయ్. పాత కార్బ్యురేటరు బండిలో పెట్రోలు పంపును తోసేది క్యామ్ షాఫ్టే. ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలు ఇంజెక్షన్) వచ్చాక పంపు ట్యాంకులోకి పోయింది, కరెంటుతో తిరుగుతుంది. కాబట్టి పంపు కూర్చునే చోటు, మ్యానిఫోల్డు బోల్టులు, సెన్సర్లు దిగే మరలు, ఒక్కొక్కటీ పాతదానితో సరిచూసుకోవాలి. లేని చోట డ్రిల్లు కొట్టి మర తీయొచ్చని చెప్పేవాళ్లు ఆటోనగర్‌లో సందుకొకరు దొరుకుతారు. పని చేస్తారు కూడా. కానీ అల్యూమినియం ఎక్కడ పల్చగా ఉందో, ఏ గోడ వెనక నీళ్లు తిరుగుతున్నాయో డ్రిల్లు బిట్టుకు తెలియదు.

రాక్ నుంచి మూడు హెడ్లు దించాడు కుర్రాడు. మేస్త్రీ పాత హెడ్డును మధ్యలో పెట్టి, వాటిని చుట్టూ బోర్లా పరిపించాడు. ప్లాస్టిక్ కవరు విప్పి గ్యాస్కెట్టు బయటకు తీశాడు. రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ మధ్య అంచు కాలి నల్లబడి ఉంది.

ఇక్కడ ఆగి చూడాలి, ఎందుకంటే ఈరోజు పనిలో అసలు పని ఇదే. గ్యాస్కెట్టును మొదటి హెడ్డు మీద పరిచాడు. రెండు బోల్టులు తెచ్చి ఎదురెదురు మూలల్లో దించాడు, కదలకుండా. ఇప్పుడు బోల్టు రంధ్రాలన్నీ సరిగ్గా కలిశాయి. బావ 'అయిపోయింది' అన్నట్టు నిట్టూర్చాడు. మేస్త్రీ ఇంకా వంగి ఉన్నాడు. సన్నటి స్క్రూడ్రైవరు మొన గ్యాస్కెట్టులోని ఒక్కో నీటి రంధ్రంలోంచి పోనిచ్చి, అవతల హెడ్డులో ఖాళీ తగులుతోందా, లోహం తగులుతోందా అని చూస్తున్నాడు. పక్కన చిన్నగా ఒక రంధ్రం ఉంటుంది, కింద బ్లాకు నుంచి పైన క్యాముకు ఆయిలు ఎక్కే దారి. అక్కడ స్క్రూడ్రైవరుకు బదులు సైకిలు పుల్ల వాడాడు. సగం దాకా పోయి ఆగింది. ఊది చూశాడు, రాలేదు. కార్బనా, ఎప్పుడో పూసిన సీలెంటు ముద్దా తెలియదు.

"కడిగితే పోతుంది మేస్త్రీ" అన్నాడు భాయ్.

"పోతే పోతుంది. పోకపోతే?"

ఈ ఇంజిన్లో క్యామ్ షాఫ్టుకు విడిగా బేరింగులు ఉండవు. అల్యూమినియం హెడ్డులో తొలిచిన గుండ్రాల్లోనే తిరుగుతుంది. ఆయిలు అందకపోతే ముందు కోసుకుపోయేది ఆ గుండ్రాలే. అవి పోతే మార్చడానికి పార్టు లేదు, హెడ్డే మార్చాలి. "ఎక్కని పార్టుతో భయం లేదండీ" అన్నాడు మేస్త్రీ బావ వైపు తిరిగి. "ఎక్కకపోతే వెనక్కిచ్చేస్తాం, ఆటో ఖర్చు దండగ, అంతే. అన్ని బోల్టులూ పట్టి, స్టార్టు అయ్యి, రెండు పెళ్లిళ్లు తిరిగాక పట్టేసే పార్టుంటుంది చూడండి, దాంతోనే." మొదటి హెడ్డు పక్కకు పోయింది.

రెండోది చూడ్డానికి మెరుస్తోంది. ఫేసింగు కొట్టించి పెట్టారు. ఇలాంటిది చూస్తే నాలాంటి వాడికి ఆశ పుడుతుంది, మేస్త్రీకి అనుమానం పుట్టింది. జేబులోంచి వెర్నియర్ తీసి రెండు చివర్లా హెడ్డు మందం కొలిచాడు, పాతదానిదీ కొలిచాడు, మూడోదానిదీ కొలిచాడు. పాతదొక్కదానితో పోలిస్తే చాలదట, దానికీ ఎప్పుడో ఫేసింగు కొట్టి ఉండొచ్చు కదా. మూడు కొలతలుంటే అబద్ధం ఎవరిదో బయటపడుతుంది. మెరిసేది మిగతా రెంటికన్నా పల్చగా తేలింది, అదీ ఒకవైపు ఎక్కువగా. మిషను మీద వంకరగా కట్టి లాగేశారు. ఇలా అరగదీసిన హెడ్డులో ఛాంబరు లోతు తగ్గుతుంది, కంప్రెషన్ పెరిగి ఇంజిను టకటకమని కొట్టుకుంటుంది. క్యామ్ షాఫ్టు క్రాంకుకు దగ్గరవుతుంది కాబట్టి టైమింగ్ బెల్టు లెక్క కూడా కొంచెం జరుగుతుంది.

మూడోది మసి పట్టి, వికారంగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉంది. పైన క్యామ్ షాఫ్టు, రాకర్లు అలాగే ఉన్నాయి. మేస్త్రీకి నచ్చింది అదే. బ్రెష్షుతో పెట్రోలు కొట్టి ముఖం కడిగించాడు. స్టీలు పట్టీని నిలువుగా పెట్టి కింద ఫీలర్ గేజి రేకు దూర్చబోయాడు. సుజుకీ హద్దు 0.05 మిల్లీమీటరు, తలవెంట్రుకంత. పొడవునా, అడ్డంగా, రెండు ఐమూలలా చూశాడు. రేకు దూరలేదు. స్పార్కు ప్లగ్గు చేత్తో బిగించి చూశాడు, మర తప్పిపోయి బుష్ వేసిన గుర్తులు లేవు. క్యామ్ షాఫ్టును వేళ్లతో తిప్పాడు. ఎక్కడా పట్టు లేదు, ఎగుడుదిగుడూ లేదు. క్యామ్ ముక్కుల మీద గోరు గీసుకుంటూ పోయాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

రాకర్ల దగ్గర మాత్రం ఆగాడు. ట్యాపెట్ స్క్రూలు ఎంత పైకి వచ్చి ఉన్నాయో పాతదాంతో పోల్చి చూశాడు. గ్యాసు మీద తిరిగిన బండిదైతే వాల్వు సీట్లు లోపలికి దిగిపోతాయి. వాల్వు కాడ పైకి జరుగుతుంది, రాకరుకూ దానికీ మధ్య సందు ఉంచడానికి స్క్రూను పైకి తిప్పుతూ పోవాలి. చివరికి తిప్పడానికి మర మిగలదు. పెట్రోలు బండిదని చెప్పి గ్యాసు బండి హెడ్డు అంటగట్టినా ఆ స్క్రూ దాచలేదు. ఇక్కడ స్క్రూలు మామూలు ఎత్తులోనే ఉన్నాయి.

"చెప్పాగా, పెట్రోలు బండిదే" అన్నాడు భాయ్. మాటలో చిన్న నొప్పి. మేస్త్రీ నవ్వాడు. "నీ మీద నమ్మకం లేక కాదు భాయ్. నీకు అమ్మినోడి మీద."

ఈలోగా పక్క కొట్టు మనిషి బావను పట్టుకున్నాడు. హెడ్డు ఒక్కటే ఎందుకు, హాఫ్ ఇంజినే ఇస్తానంటున్నాడు. బ్లాకు, క్రాంకు, పిస్టన్లతో సహా. హెడ్డు రేటు మీద ఇంకొంచెం వేస్తే చాలు. బావ కళ్లు వెలిగాయి. నేను వెళ్లి చూశాను. పిస్టను నెత్తిన 50 అని గుద్ది ఉంది. మేస్త్రీని కేకేస్తే వచ్చి వెర్నియర్ పెట్టాడు. 68.5 ఉండాల్సిన బోరు 69 చూపించింది. ఒకసారి అర మిల్లీమీటరు బోరింగు అయిపోయింది, ఇంక తొలచడానికి పెద్దగా చోటు లేదు. అదీ కాక, ఇది మారుతీ 800 నుంచి విప్పింది. లోపలి కొలతలు ఒకటే అయినా, 800లో ఇంజిను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పుతుంది. ఓమ్నీలో ముందు సీట్ల కింద నిలువుగా కూర్చుని వెనక చక్రాలు తిప్పుతుంది. సంపు ఆకారం నుంచి మౌంటింగుల దాకా, గేరుబాక్సు కలిసే వైపు దాకా ఒక్కొక్కటీ తేల్చుకోవాలి.

అవన్నీ పక్కన పెట్టి మేస్త్రీ బ్లాకును వెలుతురుకు తిప్పాడు. ఇంజిను నంబరు గుద్దే చోట నున్నగా గ్రైండరు గీతలు. ఆయన మాట్లాడకుండా లేచి, బావ మోచెయ్యి పట్టుకుని ఇవతలకు తెచ్చేశాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"నంబరు లేదండీ."

హెడ్డు మీద ఏ నంబరున్నా ఆర్టీవో అడగడు. బ్లాకు సంగతి వేరు. ఆర్‌సీలో రాసిన ఇంజిను నంబరు బ్లాకు మీదిదే. ఇంజిను మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారికి 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో మార్పించుకోవాలి. దానికి ఎక్కించిన ఇంజిను ఎక్కడిదో చూపే కాగితాలు కావాలి. నంబరు చెరిపిన బ్లాకుకు ఏ కాగితం చూపిస్తాం? అది దొంగబండిది కాకపోవచ్చు కూడా. కానీ రేపు యాక్సిడెంటై ఇన్సూరెన్సువాడు బానెట్టు ఎత్తినప్పుడు, సారీ, ఓమ్నీ కాబట్టి సీటు ఎత్తినప్పుడు, ఆ 'కాకపోవచ్చు' పనికిరాదు. చవకగా ఉందన్న ఒక్క కారణంతో జనం ఇక్కడ కొనేవాటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఇదే అనిపిస్తుంది నాకు.

మూడో హెడ్డు మోసుకుని ప్రెషర్ టెస్టుకు పోయాం. రెండు సందుల అవతల, రేకుల షెడ్డు. హెడ్డు ముఖానికి రబ్బరు షీటు వేసి మందపాటి ఇనప పలక బిగించారు. నీళ్ల దారులన్నీ మూసి, ఒక్క చోట గాలి ట్యూబు తగిలించి, వేణ్నీళ్ల తొట్టిలో ముంచారు. చల్లటి లోహంలో మూసుకుని ఉండే చీలిక వేడికి తెరుచుకుంటుందట. మొదట బుడగలు బోలెడు వచ్చాయి. బావ నా వైపు చూశాడు. పనివాడు తాపీగా స్పానరు తెచ్చి పలక ఇంకో చుట్టు బిగించాడు, బుడగలు ఆగాయి. వచ్చింది రబ్బరు పక్క నుంచి. గాలి ఇంకొంచెం పెంచారు. అందరం తొట్టి మీదికి వంగాం. నీటి మీద తేలుతున్న ఆయిలు రంగులు తప్ప ఏమీ లేదు. ఆపకుండా ఇంకాసేపు ఉంచమన్నాడు మేస్త్రీ. ఉంచారు. ఏమీ రాలేదు.

మళ్లీ భాయ్ కొట్టు. బేరం పెద్దగా సాగలేదు, సరుకు బాగుందని మా మొహాల్లోనే తెలిసిపోతోంది. మేస్త్రీ ఒకచోట మాత్రం గట్టిగా నిలబడ్డాడు. హెడ్డు ఒక్కటీ కాదు, క్యామ్ షాఫ్టు, రాకర్లు, షాఫ్టులు అన్నీ దానివే కావాలి. కలిసి అరిగినవి కలిసే ఉండాలని. పాతదాని క్యామ్ తెచ్చి ఇందులో దూరిస్తే దూరుతుంది, తిరుగుతుంది కూడా. సందు ఎంతుందో ఎవరికి తెలుసు? భాయ్ ఆ క్యామ్ విడిగా అమ్ముకుందామనుకున్నట్టున్నాడు, కొంచెం గొణిగి ఒప్పుకున్నాడు. బిల్లు మీద 'ఓమ్నీ ఎంపీఎఫ్‌ఐ హెడ్డు, క్యామ్‌తో, బిగించాక లీకైతే వాపసు' అని రాయించాడు మేస్త్రీ. ఎన్నాళ్లలోపు అన్నది రాయడానికి భాయ్ ఒప్పుకోలేదు, రాయకుండా ఉండటానికి మేస్త్రీ ఒప్పుకోలేదు. చివరికి వారం అని రాశారు.

కొత్తవి కొనాల్సిన చిట్టా మేస్త్రీ నోట్లోనే ఉంది. గ్యాస్కెట్టు సెట్టు, వాల్వు సీళ్లు, టైమింగ్ బెల్టు, థర్మోస్టాటు. వీటిలో ఏదీ పాతది ముట్టుకోనన్నాడు, బావ ఎంత మొహం పెట్టినా. గ్యాస్కెట్టు కొట్లో కూడా 'ఎయిట్ హండ్రెడ్‌ది' అనకుండా కాలిపోయిన పాతదాన్నే కౌంటరు మీద పరిచి, కొత్తదాన్ని దాని మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. ఉయ్యూరు వెళ్లగానే ముందు రేడియేటరు విప్పించాలట. అది ఎందుకు మరిగిందో తేలకుండా ఈ హెడ్డు బిగిస్తే మళ్లీ తనను తిట్టుకోవద్దని బావకు ముందే చెప్పేశాడు.

బయల్దేరబోతుంటే భాయ్ కేకేశాడు. "మేస్త్రీ, ఆ చీలింది ఇచ్చిపో. అల్యూమినియం రేటు కడతా."

బావ వెంటనే గోతం వైపు చెయ్యి చాపాడు. మేస్త్రీ గోతాన్ని రెండో భుజానికి మార్చుకున్నాడు.

"బండి స్టార్టయ్యాక తెస్తాలే భాయ్. దీని స్టడ్లు, బ్రాకెట్లు ఇంకా విప్పలేదు."